కుక్కర్ లెక్కపెట్టని నిమిషాలు

అమెరికా దక్షిణ తీర రాష్ట్రాల్లో, ముఖ్యంగా లూయిసియానాలోనూ సౌత్ కరోలినాలోనూ, రొయ్యలు, పీతలు, క్రాఫిష్ వంటి పెంకు గల జలచరాలను బంగాళదుంపలు, మొక్కజొన్న పొత్తులు, పొగబెట్టిన సాసేజ్ ముక్కలతో కలిపి, ఉప్పూ కారమూ దండిగా వేసిన నీటిలో ఒకే పెద్ద పాత్రలో ఉడికించి, నీరు వార్చేసి, కాగితాలు పరచిన బల్ల మీద కుప్పగా పోసుకుని చేతులతో ఒలుచుకు తినే వంటను సీఫుడ్ బాయిల్ అంటారు. లూయిసియానాలో దీనికి ఆధారం క్రాఫిష్, అంటే రొయ్యను పోలి ఉండి ముందు కాళ్లకు పీతకున్నట్టు డెక్కలున్న మంచినీటి జీవి. అక్కడి రైతులు వరి కోసిన మడుల్లోనే నీరు నిలగట్టి దాన్ని పెంచుతారు గనుక, వరి చేలు రొయ్యల చెరువులుగా మారడం చూసిన గోదావరి జిల్లాల పాఠకుడికి ఆ దృశ్యం మరీ పరాయిదిగా తోచదు. మసాలా మాత్రం ఊరికో తీరు. న్యూ ఆర్లీన్స్‌లో 1889 నాటి జాటరాన్స్ సంస్థ పేరుతో ఆవాలు, ధనియాలు, బిరియానీ ఆకు, మిరప కలిసిన దినుసులు వాడుకలో ఉండగా, బాల్టిమోర్ వైపు నాజీ జర్మనీ నుంచి తప్పించుకు వచ్చిన గుస్టావ్ బ్రన్ 1939లో తయారుచేసిన ఓల్డ్ బే పొడి చెల్లుబాటవుతుంది. హ్యూస్టన్‌లో స్థిరపడిన వియత్నాం వారు ఉడికిన క్రాఫిష్‌ను వెల్లుల్లి వేసి కాచిన వెన్నలో పొర్లించి, ఇప్పుడు ఎక్కువమంది కోరుకునే రుచిని తెచ్చారు.

ఈ వంట అసలు రూపంలో ఆరుబయట, గ్యాస్ బర్నర్ మీద, పదిమందికి సరిపడే గుండిగలో జరుగుతుంది. గుండిగకు మూత ఉన్నా ఎప్పుడంటే అప్పుడు తీయవచ్చు గనుక, వండేవారు ఆలస్యంగా ఉడికే బంగాళదుంపలను ముందు వేసి, ఆ తర్వాత సాసేజ్‌ను, మొక్కజొన్నను, చిట్టచివర రొయ్యలను వేస్తారు. అంటే వంట నైపుణ్యమంతా ఏది ఎప్పుడు పడాలన్న వరుసలోనే ఉంటుంది. నలుగురున్న ఇంట్లో ఇదే వంటను ఆరు లీటర్ల ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్‌లో చేయబోతే ఆ వరుస కుదరదు, ఎందుకంటే ఒకసారి మూత బిగిశాక పీడనం దిగేదాకా అది తెరుచుకోదు. పదిహేను ఇరవై నిమిషాలు ఉడకవలసిన దుంప, మూడు నాలుగు నిమిషాలకు మించి తట్టుకోలేని రొయ్య ఒకే మూత కింద పడినప్పుడు ఏం జరుగుతుందో తెలియాలంటే ముందుగా ఆ పాత్ర పనిచేసే తీరు తెలియాలి.

నీరు సముద్రమట్టం వద్ద 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుందంటే, ఆ వేడి దగ్గర నీటి ఆవిరి తోపు చుట్టూ ఉన్న గాలి పీడనంతో సమానమవుతుందని అర్థం. మంట ఎంత పెంచినా తెరిచిన గిన్నెలో నీరు అంతకు మించి వేడెక్కక ఆవిరై పోతూనే ఉంటుంది. ఆవిరిని బయటికి పోనీయకుండా మూసిపెడితే లోపలి పీడనం పెరిగి, దానితోపాటు మరుగు స్థానమూ పైకి జరుగుతుంది. ఈ సూత్రాన్ని వంటకు వాడి చూపినవాడు ఫ్రాన్స్‌కు చెందిన డెనీ పాపాఁ. ఎముకలను సైతం మెత్తబరిచే తన ఆవిరి పాత్రను ఆయన 1679లో లండన్‌లోని రాయల్ సొసైటీ ముందుంచాడు, అది పేలిపోకుండా కాపాడే సేఫ్టీ వాల్వ్ కూడా ఆయన ఊహించినదే. తెలుగిళ్లలో వాడే వెయిట్ కుక్కర్ వాతావరణ పీడనం మీద అదనంగా మరో వాతావరణమంత, అంటే దాదాపు 100 కిలోపాస్కల్స్ పీడనాన్ని నిలిపి, నీటిని 120 డిగ్రీల దాకా తీసుకువెళుతుంది. కెనడాలో రాబర్ట్ వాంగ్ బృందం 2010లో విడుదల చేసిన ఇన్‌స్టంట్ పాట్ వంటి ఎలక్ట్రిక్ కుక్కర్లు సాధారణంగా 70, 80 కిలోపాస్కల్స్ దగ్గరే ఆగుతాయి గనుక వాటి లోపలి వేడి 115 నుంచి 118 డిగ్రీల మధ్య ఉంటుంది.

ఈ రెండింటికీ ఉన్న తేడా రెండు నుంచి ఐదు డిగ్రీలే అయినా, లోపలి వాతావరణం మాత్రం చాలా భిన్నం. వెయిట్ కుక్కర్ విజిల్ వేసిన ప్రతిసారీ కొంత ఆవిరి తప్పించుకుని, పీడనం ఒక్కసారిగా తగ్గడంతో లోపలి నీరు కుతకుతలాడుతుంది. ఎలక్ట్రిక్ కుక్కర్‌లో మొదట గాలి బయటికి పోయి, ఆవిరి తోపుకు చిన్న పిన్ను పైకి లేచి రంధ్రాన్ని మూసేశాక, సెన్సర్ అడుగున ఉన్న హీటర్‌ను అవసరమైనప్పుడు వేస్తూ ఆపుతూ పీడనాన్ని ఒకే మట్టాన పట్టి ఉంచుతుంది. ఆవిరి బయటికి పోయే దారి లేనందున నీరు 117 డిగ్రీల దగ్గర కూడా దాదాపు నిశ్చలంగా ఉంటుంది. బాయిల్ అన్న పేరున్న వంట అసలు మరగకుండానే పూర్తి కావడం ఇక్కడి విడ్డూరం. దానివల్ల లాభమూ ఉంది, నష్టమూ ఉంది: వెల్లుల్లి, నిమ్మ తొక్క, బిరియానీ ఆకుల్లోని తేలికగా ఎగిరిపోయే సువాసన ద్రవ్యాలు లోపలే నిలుస్తాయి గానీ, నీరు కదలనందున పైన చల్లిన మసాలా పైనే ఉండిపోతుంది, అందుచేత మసాలాను ముందే నీటిలో కలిపి పోయడం అవసరం.

అసలు చిక్కు సమయం లెక్కలో ఉంది. కుక్కర్ మీద ఐదు నిమిషాలని నొక్కితే ఆ ఐదు నిమిషాలు పీడనం నిండుగా ఎక్కాకే మొదలవుతాయి. ఎక్కడానికి పట్టిన సమయాన్నీ దిగడానికి పట్టే సమయాన్నీ ఆ గడియారం లెక్కపెట్టదు. ఆ కాలం ఎంతో అంచనా కట్టడం కష్టం కాదు. నీరు, దుంపలు, మొక్కజొన్న, సాసేజ్ అన్నీ కలిపి 3 కిలోలు ఉన్నాయనుకుంటే, ఒక కిలోను ఒక డిగ్రీ వేడెక్కించడానికి సగటున 3.8 కిలోజౌళ్ల శక్తి కావాలి గనుక, 25 డిగ్రీల నుంచి 117 డిగ్రీలకు చేర్చడానికి దాదాపు 1,050 కిలోజౌళ్లు పడుతుంది. 1,000 వాట్ల హీటర్ సెకనుకు ఒక కిలోజౌల్ మాత్రమే ఇస్తుంది గనుక అది పదిహేడున్నర నిమిషాల పని. పాత్ర లోహం పీల్చుకునే వేడినీ బయటికి పోయే వేడినీ కలిపితే ఇరవై నిమిషాలకు చేరుతుంది. రొయ్యలు కూడా మొదటి నుంచి ఆ నీటిలోనే మునిగి ఉంటే, వాటికి సరిపోయే 63 డిగ్రీలు దాటిన తరువాత కూడా పీడనం నిండడానికి మరో పది నిమిషాలు పడుతుంది. అంటే కుక్కర్ మీద సున్నా నిమిషాలని పెట్టినా, గడియారం మొదలయ్యేసరికే రొయ్య వంట అయిపోయి, ఆ పైన పది నిమిషాలు అదనంగా కూడా గడిచిపోతాయి.

రొయ్య ఇంత సుకుమారంగా ఉండటానికి కారణం దాని కండర నిర్మాణమే. మేక మాంసంలో కండర పోగులను కట్టి ఉంచే కొల్లాజెన్ అనే మాంసకృత్తు గట్టిది, అది కరిగి జిగురుగా మారాలంటే ఎక్కువ వేడి చాలాసేపు కావాలి, అందుకే మటన్‌కు కుక్కర్ వరం. నీటి తేలింపు మీద బతికే రొయ్యకు అంత గట్టి కట్టుబాటు అక్కరలేదు. దాని కొల్లాజెన్ పలుచన, తక్కువ వేడికే లొంగుతుంది. మిగిలింది కండరం సంకోచించడానికి పనికొచ్చే మయోసిన్, ఆక్టిన్ అనే మాంసకృత్తులు. 50 డిగ్రీల పరిసరాల్లో మయోసిన్ అణువులు తమ మడతలు విప్పుకుని ఒకదానికొకటి అతుక్కోవడంతో పారదర్శకంగా ఉన్న కండ తెల్లబడి కాస్త బిగుస్తుంది, ఇదే నోటికి హితమైన దశ. 70 డిగ్రీల దరిదాపుల్లో ఆక్టిన్ కూడా విచ్ఛిన్నమైతే పోగులు ముడుచుకుని తమలోని నీటిని బయటికి పిండేస్తాయి. రొయ్యల ఇగురు వండేటప్పుడు నీరు దిగిందని అనేది ఈ నీటినే. ఇగురులో అది మళ్లీ కూరలోకే ఇంకుతుంది గానీ, బాయిల్‌లో ఆ నీటితోపాటు రొయ్యకు తీపినిచ్చే గ్లైసిన్ వంటి అమైనో ఆమ్లాలు కూడా వార్చేసే ద్రవంలో కలిసిపోతాయి. ముడుచుకున్న రొయ్య సున్నా చుట్టి, పంటికింద రబ్బరులా సాగుతుంది.

దీనికి తోడు మరో ప్రమాదం వ్యతిరేక దిశలో ఉంది. రొయ్య తలలో కాలేయం, క్లోమం చేసే పనులు రెండూ చేసే ఒక గ్రంథి ఉంటుంది, అందులోని జీర్ణ ఎంజైములు, అంటే మాంసకృత్తులను తుంచివేసే జీవ ఉత్ప్రేరకాలు, జీవి చనిపోయాక కండలోకి పాకుతాయి. నీరు నెమ్మదిగా వేడెక్కుతున్నకొద్దీ, పూర్తిగా చెడిపోయే ఉష్ణోగ్రత వచ్చేలోగా, వాటి జోరు పెరుగుతుంది. తలతో సహా చల్లటి నీటిలో వేసి మెల్లగా వేడిచేసిన రొయ్య తలదగ్గర పిండిలా మెత్తబడి, తోకదగ్గర బిగుసుకుపోవడానికి ఇదే కారణం. అంచేత రొయ్యకు కావలసింది వేడి నీటిలో ఒక్కసారిగా పడటం, త్వరగా బయటికి రావడం.

రొయ్య ఎర్రబడటాన్ని చూసి ఉడికిందని తీర్మానించడం తెలుగు వంటిళ్లలోనూ లూయిసియానాలోనూ ఒకటే అలవాటు. రొయ్యలు, పీతలు నాచు ద్వారా ఆహార గొలుసులో చేరిన ఆస్టాజాంతిన్ అనే నారింజ ఎరుపు వర్ణకాన్ని పెంకులో దాచుకుంటాయి. బతికున్నప్పుడు క్రస్టసయానిన్ అనే మాంసకృత్తు ఆ వర్ణకాన్ని గట్టిగా పట్టుకుని, అది కాంతిని పీల్చుకునే తీరునే మార్చివేయడం వల్ల పెంకు నీలిగానో బూడిద రంగులోనో కనిపిస్తుంది. వేడికి మాంసకృత్తు విచ్ఛిన్నమై పట్టు సడలిస్తుంది, వేడిని తట్టుకోగల వర్ణకం తన సొంత రంగుతో బయటపడుతుంది. ఈ మార్పు పెంకులోనూ పైపొరలోనూ ముందుగా జరుగుతుంది గనుక, ఎర్రటి రొయ్య లోపల పచ్చిగా ఉండవచ్చు. నడుము దగ్గర మందమైన చోట కండ పారదర్శకత పోయి ముత్యంలా తెల్లబడిందా లేదా అన్నదే నమ్మదగిన గుర్తు.

దుంప సంగతి వేరు. అందులోని పిండి పదార్థం 60 నుంచి 70 డిగ్రీల మధ్యే నీరు పీల్చి ఉబ్బినా, కణాలను ఒకదానితో ఒకటి అతికించి ఉంచే పెక్టిన్ కరగనిదే దుంప మెత్తబడదు, అందుకు 85 డిగ్రీలు దాటాలి. అక్కడి నుంచి వేడి పెరిగేకొద్దీ పెక్టిన్ తెగే వేగం పెరుగుతుంది; ప్రతి పది డిగ్రీలకూ రసాయన చర్య రెట్టింపవుతుందన్న స్థూల సూత్రం ప్రకారం 117 డిగ్రీల దగ్గర అది 100 డిగ్రీల కంటే మూడింతల వేగం. నిమ్మపండంత దుంపలకు పీడనం కింద నాలుగైదు నిమిషాలు చాలడం అందుకే. అయితే ఆమ్లం పెక్టిన్‌ను బలపరుస్తుంది. ముక్క ఉడికాకే చింతపండు పులుసు పోయాలని తెలుగు వంటవారు పాటించే నియమం వెనుక ఉన్నది ఈ రసాయనమే, అదే నియమం నిమ్మకాయలు పిండి పోసే సీఫుడ్ బాయిల్‌కూ వర్తిస్తుంది. దుంపలతో పాటు నిమ్మ తొక్కను వేయవచ్చు, రసాన్ని మాత్రం మూత తీశాక పిండటం మేలు. అమెరికా వంట పుస్తకాలు ఈ వరుసను అంతగా పట్టించుకోవు. అక్కడి గుండిగలో నీరు ఎక్కువ గనుక రసం పలచబడిపోతుంది, కుక్కర్‌లో లీటరుంబావు నీటికి రెండు నిమ్మకాయల రసమంటే అది మంచి పులుసే.

ఈ విషయాలన్నీ కలిపి చూస్తే కుక్కర్‌లో సీఫుడ్ బాయిల్ చేయడానికి సరైన మార్గం రొయ్యలకు పీడనం తగలకుండా చూడటమే. దుంపలు, సాసేజ్, మసాలా నీరు, పైన మొక్కజొన్న ముక్కలు వేసి నాలుగైదు నిమిషాలు పీడనం కింద ఉంచి, వాల్వ్ తిప్పి ఆవిరిని వెంటనే వదిలేయాలి. ఆ క్షణంలో 117 డిగ్రీల సరుకు 100 డిగ్రీలకు పడిపోతూ, అదనపు వేడితో దాదాపు 85 గ్రాముల నీటిని ఆవిరిగా మారుస్తుంది. ఆ కొద్దిపాటి నీరు ఆవిరి రూపంలో 140 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది గనుక వాల్వ్ పైకి చెయ్యి గానీ ముఖం గానీ పెట్టకూడదు, పైనున్న అల్మరా కింద కుక్కర్ ఉంచకూడదు. మూత తీశాక కడిగిన రొయ్యలు వేసి, కలియబెట్టి, మూత బిగించకుండా ఊరికే కప్పి ఉంచితే ఆ నీటిలో, దుంపల్లో మిగిలిన వేడే వాటిని ఉడికిస్తుంది.

మిగిలిన వేడి చాలుతుందా అన్న అనుమానానికీ లెక్క ఉంది. 100 డిగ్రీల దగ్గరున్న 3 కిలోల సరుకులో ఫ్రిజ్ నుంచి తీసిన ముప్పావు కిలో రొయ్యలు పడితే, వేడి అంతటా సర్దుకున్నాక ఉష్ణోగ్రత 82 డిగ్రీల దగ్గర నిలవాలి. అయితే దుంపల లోపలి వేడి బయటికి రావడానికి సమయం పడుతుంది గనుక మొదట నీరు ఒక్కటే చల్లబడి 67 డిగ్రీలకు దిగి, తర్వాత నెమ్మదిగా పుంజుకుంటుంది. రొయ్యకు ఇంతకంటే అనువైన వేడి లేదు. గడ్డకట్టిన రొయ్యలను అలాగే వేస్తే కథ తారుమారవుతుంది: మంచు కరిగేటప్పుడు ఉష్ణోగ్రత పెరగకుండానే పీల్చుకునే వేడిని గుప్తోష్ణం అంటారు, అది కిలో మంచుకు 334 కిలోజౌళ్లు. ముప్పావు కిలో రొయ్యల్లోని నీరంతా కరగాలంటే కుక్కర్ ద్రవం దాదాపు 36 డిగ్రీలకు పడిపోతుంది, అంటే ఎంజైములు హాయిగా పనిచేసుకునే చోటికి. దుంపలు తమ వేడినంతా ఇచ్చుకున్నా చివరికి 65 డిగ్రీలు దాటడం కష్టం. అందువల్ల రొయ్యలను ముందే చల్లటి నీటిలో కరగబెట్టడం, లేదా కుక్కర్‌లోని సాటే మీట నొక్కి అడుగు నుంచి మళ్లీ వేడి అందించడం తప్పనిసరి.

ఉడికే సమయం రొయ్య సైజును బట్టి మారుతుంది, సైజును కొలిచే పద్ధతి భీమవరం చెరువు గట్ల మీద పిల్లవాడికైనా తెలిసినదే. కిలోకు ఎన్ని తూగితే అంత కౌంట్; ముప్పై కౌంట్ అంటే ఒక్కొక్కటి 33 గ్రాముల పెద్ద రొయ్య, వంద కౌంట్ అంటే 10 గ్రాములది. అమెరికా దుకాణాల్లో ఇదే లెక్క పౌనుకు కడతారు గనుక అక్కడి 21/25 అన్న పొట్లం ఇక్కడి లెక్కలో యాభై కౌంట్ దరిదాపుల్లో ఉంటుంది. భారతదేశం 2009లో అనుమతించిన వనామీ రకం రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌ది అగ్రస్థానం, ఆ సరుకుకు ఏళ్ల తరబడి అతిపెద్ద కొనుగోలుదారు అమెరికా. కాబట్టి హ్యూస్టన్ బల్ల మీద కుమ్మరించిన రొయ్య గోదావరి జిల్లా చెరువుదే అయి ఉండటంలో ఆశ్చర్యం లేదు. వేడి మధ్యదాకా చేరడానికి పట్టే సమయం మందం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది: ముప్పై కౌంట్ రొయ్య వంద కౌంట్ రొయ్య కంటే ఒకటిన్నర రెట్లే మందమైనా, రెట్టింపుకు పైగా సమయం అడుగుతుంది. చిన్నవాటికి రెండు నిమిషాలు చాలితే పెద్దవాటికి ఐదు దాకా పట్టవచ్చు, రెండు సైజులు కలిపి వేయడం ఎవరికీ మేలు చేయదు.

పీతలకు ఈ జాగ్రత్త కొంత సడలించవచ్చు. మందమైన పెంకు వేడిని ఆలస్యంగా లోపలికి పోనిస్తుంది గనుక పచ్చి పీతలు ఒకటి రెండు నిమిషాల పీడనాన్ని తట్టుకుంటాయి. అమెరికాలో దొరికే స్నో క్రాబ్, కింగ్ క్రాబ్ కాళ్లు మాత్రం ఓడల మీదో ఒడ్డునో ముందే ఉడికించి గడ్డకట్టించినవి, వాటికి వేడెక్కితే చాలు. ఆల్చిప్పల రకాలను రొయ్యలతో పాటే వేయాలి, పెంకు రెక్కలను మూసి పట్టుకునే కండరం వేడికి వదిలేసినప్పుడు అవి తెరుచుకుంటాయి.

పీడనం ఉప్పూ కారాన్నీ ముక్క లోపలికి నెట్టివేస్తుందన్న నమ్మకం బలంగా ఉన్నా, అది నిజం కాదు. పీడనం ముక్క చుట్టూ అన్ని వైపులా సమానంగా ఉంటుంది, ముక్కలోని నీటిలోనూ అంతే ఉంటుంది గనుక ఉప్పు లోపలికి పోవడానికి అది పనికిరాదు. ఉప్పు విసరణ వల్ల, అంటే గాఢత ఎక్కువైన చోటు నుంచి తక్కువైన చోటికి అణువులు తమంతట తాము పాకడం వల్ల చేరుతుంది, రెండు మిల్లీమీటర్ల లోతుకే గంట పడుతుంది. లూయిసియానా వంటవారు మంట ఆపేశాక క్రాఫిష్‌ను ఆ నీటిలోనే చాలాసేపు నానబెట్టడం, అదే సమయంలో మంచుముక్కలు గానీ గడ్డకట్టిన మొక్కజొన్న గానీ వేసి చల్లబరచడం ఈ కారణంగానే: ఉడకడం ఆగిపోవాలి, నానడం సాగాలి. మిరప ఘాటుకు కారణమైన కాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది. సాసేజ్ కొవ్వు, చివర్లో పోసే వెల్లుల్లి వెన్న లేకపోతే ఎంత కారం వేసినా అది వార్చిన నీటి వెంట పోతుంది.

వంట తర్వాత కుక్కర్ మూతలోని రబ్బరు రింగుకు పట్టే నీచు వాసన చాలామందిని విసిగిస్తుంది. రింగు సిలికోన్‌తో చేసినది, వెల్లుల్లి, మసాలాల నూనె స్వభావపు వాసన ద్రవ్యాలు అందులోకి నిజంగానే ఇంకిపోతాయి, సబ్బు వాటిని చేరలేదు. పాయసానికొకటి, చేపలకొకటి రెండు రింగులు విడిగా ఉంచుకోవడమే దారి. ఇక ముక్కలకుండే నీచు వాసన మీద నిమ్మరసం బాగా పనిచేస్తుంది, ఎందుకంటే చేపవాసనకు కారణమైన ట్రైమిథైలమీన్ క్షార స్వభావం కలది, ఆమ్లంతో కలిస్తే ఎగరలేని లవణంగా మారుతుంది.

రొయ్యలు ఉడికాక ఎలక్ట్రిక్ కుక్కర్ తనంతట తానే వేడిగా ఉంచే దశలోకి జారుకుంటే, 60 డిగ్రీలు దాటిన ఆ వేడిలో వంట ఆగదు. ప్లగ్ తీసేసి వెంటనే వార్చుకోవాలి. ఒలిచి పారేసే పెంకులు, తలలు మాత్రం పీడనానికి నిజంగా తగిన సరుకు. వాటిని కొద్ది నూనెలో వేయించితే కొవ్వులో కరిగే ఆస్టాజాంతిన్ నూనెను నారింజ రంగుకు తిప్పుతుంది, ఆపై మంచినీళ్లు పోసి పావుగంట పీడనం కింద ఉంచితే మర్నాటి పులుసుకు చిక్కటి రసం దిగుతుంది. వార్చిన పాత నీటిని అందులో పోయకూడదు, దానిలో అప్పటికే పులుసుకు తగినదానికి ఎన్నో రెట్లు ఉప్పు ఉంటుంది.